తొక్కు, పట్టు, వదులు

నెల్లూరులో ట్రంకు రోడ్డు నుంచి నాలుగడుగులు లోపలికి పోతే మా మేనమామ కార్ల షెడ్డు ఉండేది. రేకుల కప్పు, ఆయిలు తాగి నల్లబడిన నేల, గోడకు మేకులు కొట్టి సైజుల వారీగా తగిలించిన స్పానర్లు, వేపచెట్టు కింద ఏళ్ళ తరబడి కదలని ఒక పాత వ్యాను. బోర్డు లేదు. ఊళ్ళో ఎవరినడిగినా "హెరాల్డు మేస్త్రీ షెడ్డా? అదిగో" అని చెయ్యి చూపేవాళ్ళు. 1970ల మొదట్లో నా బడి సెలవులన్నీ ఆ షెడ్డులోనే గడిచాయి. పని నేర్చుకోవాలని ఎవరూ పంపలేదు. అమ్మ పుట్టిల్లు ఆ వెనక వీధే. మధ్యాహ్నం పూట మగపిల్లలు ఇంట్లో ఉంటే పెద్దవాళ్ళకు కునుకు పట్టదని తరిమేసేవాళ్ళు.

షెడ్డుకు అంబాసిడర్లు, ఫియట్లు కూడా వచ్చేవి. కానీ మామకు పేరు తెచ్చింది స్టాండర్డ్ హెరాల్డు. అది మద్రాసు బండి. 1948లో పుట్టిన స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ మద్రాసు పక్కన వండలూరు ఫ్యాక్టరీలో 1961 నుంచి దాన్ని తయారుచేసింది. దాని మాతృక 1959లో ఇంగ్లండులో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డు. దానికి రూపురేఖలు దిద్దినవాడు ఇటలీ వాడు, జొవాన్ని మికెలొట్టి. 948 సీసీ చిన్న ఇంజను, రెండే తలుపులు. పాతిక అడుగుల జాగా దొరికితే చాలు, గిర్రున వెనక్కి తిరిగేది. నెల్లూరు సందుల్లో ఇల్లిల్లూ తిరిగి వైద్యం చేసే డాక్టర్లకు అంతకంటే ఏం కావాలి? నాలుగు తలుపుల హెరాల్డు 1968లో మన దేశం కోసమే ప్రత్యేకంగా చేశారు. వెనక చక్రాలు గుంతలో పడ్డప్పుడల్లా ఒక పక్కకు వాలిపోతాయని మేస్త్రీలు సణిగేవాళ్ళు. 1972లో వచ్చిన గజెల్ కారులో ఆ వెనక ఇరుసునే మార్చేశారు.

ముందు వైపు మాత్రం మేస్త్రీలకు ముచ్చట. హెరాల్డుకు బానెట్టు ఒక్కటే లేవదు. మడ్‌గార్డులు, లైట్లతో సహా ముఖమంతా ముందుకు ఒరుగుతుంది. ఇంజను, స్టీరింగు, ముందు చక్రాల అమరిక అంతా బట్టబయలు. మామ ముందు టైరు మీదే పీట మీద కూర్చున్నట్టు కూర్చుని పని కానిచ్చేవాడు.

ఆ బండిది ఆయిలు క్లచ్. దాని సంగతి అడిగిన డాక్టరు గారికి మామ ఆయన భాషలోనే చెప్పేవాడు. "మీ కాలి కాడ ఒక సిరంజి సార్, గేరుబాక్సు కాడ ఇంకో సిరంజి. నడాన ట్యూబు. ఈడ నొక్కితే ఆడ పొడుచుకొస్తాది, అంతే." పైది మాస్టర్ సిలిండరు, కిందిది స్లేవ్ సిలిండరు. రెంటికీ మధ్య సన్నటి గొట్టం, చివర జానెడు రబ్బరు హోసు, లోపల నిండుగా బ్రేకాయిలు. మాస్టర్ సన్నం, స్లేవ్ దానికంటే లావు. అందువల్ల కాలు నొక్కిన బలం కిందికి చేరేసరికి పెరుగుతుంది. ఆయిలును నొక్కితే కుదించుకుపోదు, ఎంత తోస్తే అంత జరుగుతుంది. అందులో చిటికెడు గాలి చేరిందంటే మాత్రం కాలి బలమంతా ఆ గాలిని నొక్కడానికే సరిపోతుంది. పెడలు మెత్తగా నేలకంటుతుంది, క్లచ్ కట్ కాదు, గేరు గర్రుమంటుంది.

క్లచ్ పోయినంత మాత్రాన బండిని తాడు కట్టి లాక్కురావడం ఆనాటి డ్రైవర్లకు తలవంపు. ఇంజను ఆపి మొదటి గేరులో పెట్టి, ఆ గేరు మీదే సెల్ఫ్ కొట్టేవాళ్ళు. బండి ఒక్క గెంతు గెంతి బయలుదేరేది. తర్వాత యాక్సిలేటరు వదిలీ వదలనట్టు పట్టి, ఇంజను చప్పుడు వింటూ సరిగ్గా వేగం కలిసిన క్షణంలో రెండో గేరుకు జార్చేవాళ్ళు. మూడో గేరూ అంతే. దారిలో ఎడ్లబండి అడ్డం రాకుండా, రైలు గేటు పడకుండా ఉండాలని దణ్ణం పెట్టుకోవడమే మిగిలేది. హెరాల్డు మొదటి గేరుకు, గేర్ల వేగాలను తనంతట తానే కలిపే సింక్రోమెష్ లేదు కాబట్టి నడుస్తున్న బండిని మళ్ళీ ఆ గేరుకు దించడమంటే మాటలు కాదు. అలా వచ్చిన డ్రైవరు షెడ్డు ముందు తాళంచెవి తిప్పి దిగేటప్పుడు అతని నడకలో కొంచెం దర్జా ఉండేది.

మామ బండి దగ్గరికి వెంటనే పోయేవాడు కాదు. ముందు డ్రైవరును బల్ల మీద కూర్చోబెట్టి టీ చెప్పించేవాడు. ప్రశ్నలు అక్కడ మొదలు.

"ఉన్నట్టుండి పోయిందా, దినం కొంచెం కొంచెంగా దిగిందా?"

"నాల్రోజుల నించి మొదటి గేరు పడేటప్పుడు గర్రుమంటా ఉండాది మేస్త్రీ."

"టపటపా రెండు మూడు సార్లు తొక్కితే?"

"అప్పుడు పడతా ఉండాది."

"రైలు గేటు కాడ తొక్కి పట్టుకోనుంటే బండి ముందుకు పాకతా ఉందా?"

ఒక్కో జవాబుతో ఒక్కో అనుమానం పక్కకు తప్పుకునేది. టపటపా తొక్కితే పడుతోందంటే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు బాగానే ఉన్నట్టు, తేడా ఆయిలు దారిలో. తొక్కి పట్టుకున్నా బండి పాకుతోందంటే, బయటికి చుక్క కారకపోయినా, మాస్టర్ లోపలి రబ్బరు వాషరు పక్కనుంచి ఆయిలు వెనక్కి జారుకుంటోందన్నమాట. మామ చేతికి స్పానరు రాకముందే సగం రోగం తేలిపోయేది.

తర్వాత చూపు. బానెట్టు ఒరిగించి మొదట పెయింటు చూసేవాడు. ఇంజనుకూ మన కాళ్ళకూ మధ్య ఉండే రేకు గోడ మీద బ్రేకుకొకటి, క్లచ్‌కొకటి చొప్పున రెండు మాస్టర్ సిలిండర్లు పక్కపక్కనే ఉంటాయి. బ్రేకాయిలు పెయింటుకు శత్రువు. కారిన చోటల్లా రంగు బుడగలెత్తి పొలుసులుగా ఊడుతుంది. కాబట్టి ఆయిలు ఆరిపోయినా, ఎవరైనా తుడిచేసినా ఊడిన రంగు ఎక్కణ్ణుంచి కారిందో చెప్పేసేది. ఆ తర్వాత మాస్టర్ మీది ఆయిలు డబ్బా మూత. మూతలో సూదిమొన పట్టేంత బెజ్జం ఉంటుంది, గాలి ఆడటానికి. దాన్ని ఊది చూసేవాడు. ఆపైన క్లచ్ పెడలు వెనక వేళ్ళు దూర్చి తడి తగులుతుందేమో తడిమేవాడు.

స్లేవ్ కారితే కనిపెట్టడం ఇంత సులువు కాదు. హెరాల్డులో దాని మూతి గేరుబాక్సు ముందరుండే గంట ఆకారపు డొప్పలోకి తెరుచుకుని ఉంటుంది. అక్కడ కారింది ఆ డొప్ప అడుగు నుంచి నేల మీదికి బొట్టుబొట్టుగా దిగుతుంది. ఇంజను ఆయిలు కారేదీ అక్కడే. రెండూ మట్టిలో నల్లగానే కనిపిస్తాయి. మామ పాత పోస్టుకార్డు ఒకటి కింద పట్టి రెండు బొట్లు రాలేదాకా ఓపిగ్గా కూర్చునేవాడు. ఆ బొట్టును టీ గ్లాసులోని మంచినీళ్ళలోకి జార్చేవాడు. ఇంజను ఆయిలు అయితే పైన తెట్టు కడుతుంది, రంగులు తేలుతాయి. బ్రేకాయిలు అయితే నీళ్ళలో కలిసి మాయమవుతుంది. పది పైసల ఖర్చు లేని పరీక్ష. అది చూశాక గేరుబాక్సు విప్పాలా వద్దా అన్న వాదన ఉండేది కాదు.

కొన్నిసార్లు ఎక్కడా తడి ఉండదు, ఆయిలు నిండుగా ఉంటుంది, గాలీ ఉండదు, అయినా క్లచ్ సగమే కట్ అవుతుంది. అలాంటి ఒక బండికి పెడలుకూ మాస్టర్ కడ్డీకీ కలిపే పిన్ను ఊడదీసి నాకు చూపించాడోసారి. గుండ్రంగా ఉండాల్సిన పిన్ను నడుము దగ్గర అరిగి సన్నబడి ఉంది. అది దూరే కంత కోలగా సాగింది. ఆ సందు వల్ల పెడలు కొంతదూరం ఉత్తినే పోతోంది. కడ్డీకి అందాల్సిన కదలికలో కొంత ఆ సందులోనే పోతోంది. కంతకు వెల్డింగు పోయించి కొత్తగా డ్రిల్లు కొట్టించి, లేతు మీద కొత్త పిన్ను చేయించాడు. సిలిండర్ల జోలికే పోలేదు.

నెల్లూరులో ఇంకో జబ్బు ఉండేది, వానాకాలం జబ్బు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మా వైపు ముసుర్లు. ఊరికెళ్ళిన యజమాని బండిని కొట్టంలో వదిలేస్తే, క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు తుప్పుతో అతుక్కునేది. పెడలు చక్కగా గట్టిగా ఉంటుంది, గేరు మాత్రం పడదు. తెలియని షెడ్డులో అయితే మాస్టర్, స్లేవ్ రెండూ విప్పి కొత్త వాషర్లు వేసి, ఇంకా కట్ కాలేదని తలపట్టుకుంటారు. మామ గేరు మీద సెల్ఫ్ కొట్టి, క్లచ్ తొక్కిపట్టి, ఇసుక నేల మీద యాక్సిలేటరు కొట్టి వదిలి, కొట్టి వదిలి రెండు చుట్లు తిప్పేవాడు. ఠక్కుమని ఊడేది. డబ్బు తీసుకోవడానికి మొహమాటపడేవాడు గానీ, మొత్తానికి తీసుకునేవాడు.

వాషర్లే పోయాయని తేలితే అసలు పని మొదలయ్యేది. మాస్టర్ విప్పడం మామ ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచేవాడు. సర్‌క్లిప్పు తీస్తే కడ్డీ, దాని వెనకే ప్లంజరు, స్ప్రింగు. ప్లంజరుకు స్ప్రింగును పట్టి ఉంచే చిన్న టోపీ ఒకటి ఉంటుంది, దానికి నాలుకలాంటి రేకు. ఆ నాలుకను సన్న స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి లేపితేనే టోపీ వస్తుంది. ఎక్కువ లేపితే విరుగుతుంది. లోపలి కాడ చివర చిటికెన గోరంత వాల్వు రబ్బరు, దాని వెనక అలలు తిరిగిన పల్చటి వాషరు. ఆ అలల వాషరు కింద పడితే షెడ్డు మొత్తం ఊపిరి బిగబట్టి నేల వెతికేది. మిగతా సామాన్లన్నీ కిరసనాయిలు డబ్బాలో మునిగేవి. వీటిని మాత్రం కడగడానికి బ్రేకాయిలే. కిరసనాయిలు, పెట్రోలు తగిలితే ఆనాటి రబ్బరు ఉబ్బి పాడయ్యేది. ఆయిలు తగ్గిందని దారిలో ఎవరో ఇంజనాయిలు పోయగా వచ్చిన బండిని ఒకసారి విప్పితే, లోపలి రబ్బరు కప్పులు ఉబ్బి సిలిండరు బోరులో బిరడాల్లా ఇరుక్కుని ఉన్నాయి. పైనుంచి కింది దాకా రబ్బరన్నది ప్రతిదీ మార్చాల్సి వచ్చింది.

వాషరు తీశాక బోరు పరీక్ష. బ్రేకాయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రం దగ్గరి ఊళ్ళో అది మరీ ఎక్కువ. ఆ నీళ్ళకు బోరు గోడ మీద తుప్పు చుక్కలు పడతాయి. మామ బోరును వెలుతురుకు పట్టి చూసి, ఆ తర్వాత కళ్ళు మూసుకుని చిటికెన వేలు గోరుతో లోపల గీసేవాడు. గోరు జారిపోతే సన్న ఎమరీ కాయితంతో రుద్ది వాడుకోవచ్చు. గోరు తట్టుకుంటే కొత్త వాషరు వేసినా అది చీరుకుపోతుంది, లేతులో స్లీవు వేయించాల్సిందే.

వాషర్లు నెల్లూరులో ఎప్పుడూ దొరికేవి కావు. పాత వాషరును కాగితంలో చుట్టి, బండి మోడలు రాసిన చీటీ పెట్టి, మద్రాసు పోయే బస్సు కండక్టరు చేతికిచ్చేవాళ్ళు. అక్కడ జనరల్ పాటర్స్ రోడ్డులో వరసగా స్పేర్ పార్టుల అంగళ్ళు. ఎక్కడా దొరకని ముసలి సామానుకు పుదుప్పేట పాత ఇనుము బజారు. 1962లో మద్రాసు పాడిలో మొదలైన బ్రేక్స్ ఇండియా వాళ్ళ టీవీఎస్ గర్లింగ్ డబ్బా వస్తే మామ ముఖం విచ్చుకునేది. ఏ పేరూ లేని నకిలీ వాషరు వస్తే వేలితో మడిచి చూసి, అదే కండక్టరు చేత తిప్పి పంపించేవాడు. సామాను వచ్చేదాకా డాక్టరు గారు రిక్షాలో తిరిగేవారు. ఎవరూ విసుక్కునేవారు కాదని చెప్పను, విసుక్కునేవారు. కానీ కారు అనేది అలా అప్పుడప్పుడూ ఇంటికి దూరంగా ఉండే వస్తువేనని అందరూ ఒప్పుకున్నారు. అప్పట్లో దేశం మొత్తానికి కార్లు చేసేవి చెప్పుకోదగ్గవి మూడే కంపెనీలు. కొత్త కారు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. ఉన్న బండిని బతికించుకోవడం తప్ప దారి లేదు.

అంతా బిగించాక మిగిలేది గాలి తీయడం. అక్కడే నాకు పని పడేది. హెరాల్డులో ముందు సీట్ల మధ్య గేరుబాక్సు మీద మూత ఉంటుంది. దాన్ని బండి లోపలినుంచే విప్పొచ్చు, కావాలంటే గేరుబాక్సునే లోపల్నుంచి ఎత్తి తీయొచ్చు. మూత తీసి, మామ పక్క సీటు తప్పించిన జాగాలో బోర్లా పడుకునేవాడు. స్లేవుకు గాలి వదిలే నిప్పలు పైవైపు ఉందో లేదో ముందు చూసుకునేవాడు. కిందికి తిరిగి ఉంటే ఎంతసేపు తీసినా గాలి పై మూలలోనే కూర్చుంటుంది. నిప్పలుకు రబ్బరు ట్యూబు తొడిగి, దాని కొస కొంచెం ఆయిలు పోసిన మందుల సీసాలో ముంచేవాడు. ఒక కుర్రాడు ముందు టైరు మీద కూర్చుని మాస్టర్ డబ్బాలో ఆయిలు తగ్గకుండా పోస్తుండేవాడు. ఆ డబ్బా చిన్నది, ఒక్కసారి అడుగంటిందా, మళ్ళీ గాలి లోపలికి పోయి మొదటికొస్తుంది. నేను డ్రైవరు సీట్లో. నా తల స్టీరింగుకు పైన కనిపించేది కాదు.

"తొక్కు!"

తొక్కేవాణ్ణి. మామ నిప్పలు అర చుట్టు వదులు చేసేవాడు. సీసాలో బుడబుడమని నురగ.

"పట్టు!"

పెడలు నేలకానించి ఉంచేవాణ్ణి. మామ నిప్పలు బిగించేవాడు.

"వదులు!"

ఈ మూడు మాటలే, మళ్ళీ మళ్ళీ. బిగించకముందు నేను వదిలితే సీసాలోది వెనక్కి పీల్చుకుంటుంది. నా కాలు ఆయనకు కనపడదు, ఆయన చెయ్యి నాకు కనపడదు. మొదట్లో పెడలు కింద ఏమీ లేనట్టే ఉండేది. తర్వాత అరికాలి కింద ఎక్కడో అడుగున మెల్లిగా ఒక తట్టు మొదలయ్యేది. తొక్కేకొద్దీ ఆ తట్టు పైపైకి వచ్చేది. సీసాలో బుడగలు ఆగాయని మామ చెప్పేలోపే "గట్టి పడింది మామా" అని నేను అరిచేవాణ్ణి. ఆయన లేచి, సీసాలో చేరిన ఆయిలును మళ్ళీ డబ్బాలో పోయకుండా పారబోయించి, డ్రైవరును పిలిచేవాడు. ఇంజను నడుస్తుండగా మొదటి గేరు చప్పుడు లేకుండా పడాలి. అదే సర్టిఫికెట్.

దీన్ని బంగారు కాలమని రాయడానికి చెయ్యి రాదు. ఆ కుర్రాళ్ళలో కొందరు బడి మొహం చూడని పసివాళ్ళు, జీతం రెండు పూటల అన్నం, పండక్కి ఒక జత బట్టలు. ట్యూబు నోట పెట్టి బ్రేకాయిలు పీల్చేవాళ్ళు, ఉమ్మేసి నవ్వేవాళ్ళు. క్లచ్ ప్లేటు విప్పితే డొప్పలో పేరుకున్న దుమ్మును గట్టిగా ఊదేవాళ్ళు. ఆ ప్లేటు పూతలో ఉండేది రాతినార, అంటే ఆస్బెస్టాస్. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో ఏం చేస్తుందో మా షెడ్డులో ఎవరికీ తెలియదు. మామ ఆఖరి రోజుల్లో దగ్గుతో బాధపడ్డాడు. దానికి కారణం బీడీయా, ఆ దుమ్మా అని ఏ డాక్టరూ తేల్చలేదు.

గజెల్ తయారీ 1977తో ఆగిపోయింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దాని క్లచ్‌కు ఆయిలు లేదు, సిలిండర్లు లేవు. ఒక వైరు, అంతే. తెగితే కొత్తది వేయడం, సాగితే నట్టు తిప్పడం. కొన్నేళ్ళలో షెడ్డు ముందు హెరాల్డుల వరస మారుతుల వరసైంది. మామ ఏ మాత్రం దిగులు పడలేదు. "ఆయిలు క్లచ్ పోయిందని ఏడిస్తే అన్నం పెడతాదా? వైరు తెగితే తెగినట్టు కనపడతాది, పది నిమిషాల పని" అని వైర్ల కట్ట గోడకు తగిలించాడు. ఆ మేకులు అంతకుముందు రబ్బరు కిట్లు వేలాడినవి. సంపాదన కూడా పెరిగింది. డ్రైవరును కూర్చోబెట్టి ప్రశ్నలు అడగడం మాత్రం మెల్లిగా తగ్గింది. అడగడానికేముంది?

విచిత్రమేమంటే, ఇప్పటి కార్లలో చాలావాటికి ఆయిలు క్లచ్ మళ్ళీ వచ్చింది. స్లేవ్ సిలిండరును కొన్నింటిలో గేరుబాక్సు డొప్ప లోపలే, గేరుబాక్సులోకి పోయే షాఫ్టు చుట్టూ తొడిగేస్తున్నారు. విప్పి వాషరు మార్చే ఏర్పాటు లేదు, కారితే గేరుబాక్సు దించి మొత్తం యూనిట్ మార్చడమే. కూలి ఎక్కువ, సామాను చవక అయిన చోట అదే సరైన లెక్క. మామ ఉన్నా అదే చేసేవాడు.

సామాన్ల కరువు వల్లే అంత జాగ్రత్తగా ఆలోచించామన్నది నిజం. వాషరు మద్రాసు నుంచి రావాల్సి ఉన్నప్పుడు, అనవసరంగా ఒకటి మార్చే ధైర్యం ఎవరికీ లేదు. కాబట్టి విప్పే ముందు అడిగేవాళ్ళం, అడిగినది చూసేవాళ్ళం, చూసినది నీళ్ళ గ్లాసులో వేసి తేల్చుకునేవాళ్ళం. ఆ కరువు మళ్ళీ రావాలని నేను కోరుకోను. దుకాణంలో సామాను దొరుకుతున్నప్పుడు డాక్టరును రిక్షా ఎక్కించడం గొప్పా కాదు. అయితే అలా అడగడానికి కరువు అక్కర్లేదు. ఇప్పటికీ నా కారు పెడలులో తేడా తెలిస్తే సర్వీసు వాళ్ళకు ఫోను చేసే ముందు మామ ప్రశ్నలు వరసగా నాకు నేనే వేసుకుంటాను. ఉన్నట్టుండి పోయిందా, కొంచెం కొంచెంగా దిగిందా అన్న మొదటి ప్రశ్న దగ్గరే చాలాసార్లు సగం జవాబు దొరుకుతుంది.